రేమండ్ లాడ్జ్ ఫొటో

మా జంషెడ్‌పూర్‌లో ఈఎస్‌పీ అంటే ఏమిటో ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు. ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. సింటర్ ప్లాంటులోనో పవర్‌హౌస్‌లోనో చిమ్నీకి ముందు ఉండే పెద్ద ఇనప పెట్టె. పొగలో ఉన్న దుమ్ముని కరెంటుతో పట్టేస్తుంది. హేతువాదుల మీటింగుల్లో మాత్రం ఈఎస్‌పీ అంటే ఎక్స్‌ట్రా సెన్సరీ పర్సెప్షన్, అంటే కళ్ళూ చెవులూ అక్కర్లేకుండానే సంగతులు తెలుసుకునే శక్తి. ఉందని కొందరంటారు, చూపించమంటే మాట మారుస్తారు. నా ఉద్యోగ జీవితం చాలావరకు మొదటి ఈఎస్‌పీతో గడిచింది, తీరిక రోజులు రెండో ఈఎస్‌పీతో. ఈ రెండింటి వెనకా ఒకే మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ఆయన కొడుకు సంగతి చదివాక ఆ నవ్వు నిలవలేదు.

ఆయన పేరు సర్ ఆలివర్ లాడ్జ్. ఆత్మల గురించి ఎక్కడ సభ పెట్టినా, మనం మాట్లాడటం ముగించగానే వెనక వరుసలోంచి ఒక పెద్దమనిషి లేచి అడుగుతాడు: "అయ్యా, మీకంటే పెద్ద సైంటిస్టులు ఆత్మలున్నాయని ఒప్పుకున్నారు గదా, వాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా?" క్రూక్స్, లాడ్జ్ అనే రెండు పేర్లూ ఆ ప్రశ్నలో తప్పకుండా ఉంటాయి. లాడ్జ్ తెలివితక్కువవాడు కాదు, అది ముందే ఒప్పుకుందాం. రేడియో తరంగాల మీద తొలి ప్రయోగాలు చేసినవాళ్ళలో ఆయనొకడు. హెర్ట్జ్ పరిశోధనల గురించి 1894లో ఆయన ఇచ్చిన ఉపన్యాసాన్ని అచ్చులో చదివాకే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు తన ప్రయోగాలు మొదలుపెట్టాడు. రాయల్ సొసైటీ ఫెలో. 1902లో సర్ బిరుదు. 1900 నుంచి 1919 దాకా బర్మింగ్‌హామ్ యూనివర్సిటీకి ప్రిన్సిపాల్.

మొదటి ఈఎస్‌పీ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది నాకు బాగా తెలిసిన విషయం. 1884 ప్రాంతంలో లాడ్జ్ ఒక గాజు జాడీలో పొగ నింపి, లోపలికి దించిన తీగకి ఎక్కువ ఓల్టేజి ఇచ్చాడు. పొగ క్షణాల్లో గడ్డలు కట్టి గోడలకి అంటుకుంది. జాడీ శుభ్రం. దాన్ని ఫ్యాక్టరీలో వాడదామని 1885లో వేల్స్‌లోని బాగిల్ట్ అనే చోట సీసం కరిగించే కార్ఖానాలో అమర్చారు. అది పనిచెయ్యలేదు. గాజుపళ్ళేల యంత్రం ఇచ్చే కరెంటు ఆ పొగకి చాలలేదు. పైగా సీసం ధూళికి విద్యుత్ నిరోధం ఎక్కువ, ప్లేటు మీద చేరాక కూడా చార్జి వదలదు. ఎక్కువ నిరోధమున్న బూడిద వస్తే ఇప్పటికీ మా వాళ్ళు తల పట్టుకుంటారు. తర్వాత అమెరికాలో కాట్రెల్ అనే ఆయన దాన్ని పనిచేయించాడు. 1913లో లాడ్జ్ కొడుకులిద్దరు బర్మింగ్‌హామ్‌లో ఇదే పనికి కంపెనీ పెట్టారు, పోనుపోను అది లాడ్జ్-కాట్రెల్ అయింది.

బాగిల్ట్‌లో నాకు నచ్చేదేమిటంటే, యంత్రం పనిచెయ్యలేదన్న సంగతి దారిన పోయేవాడికి కూడా తెలిసింది. చిమ్నీ వైపు తలెత్తి చూస్తే చాలు. దానికి ప్రొఫెసర్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుని మిగతా కథ చదవండి.

లాడ్జ్ దంపతులకి పన్నెండు మంది పిల్లలు, ఆరుగురు మగపిల్లల్లో ఆఖరివాడు రేమండ్. 1889 జనవరి 25న లివర్‌పూల్‌లో పుట్టాడు. ఇంజనీరింగ్ చదివి, మోటారు కార్ఖానాలో పని నేర్చుకుని, అన్నలు పెట్టిన స్పార్క్ ప్లగ్గుల వ్యాపారంలో చేరాడు. యుద్ధం మొదలైన రెండో నెలలోనే, 1914 సెప్టెంబరులో, తనంతట తనే సైన్యంలో చేరాడు. సౌత్ లాంకషైర్ రెజిమెంటులో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1915 మార్చిలో బెల్జియంలోని ఈప్ర పట్టణం దగ్గర ఫ్రంటుకి వెళ్ళాడు.

అప్పటికి కదిలే యుద్ధం ఆగిపోయింది. 1914 చివరికల్లా స్విట్జర్లాండ్ సరిహద్దు నుంచి ఉత్తర సముద్రం దాకా రెండు పక్షాలూ కందకాలు తవ్వుకుని ఎదురెదురుగా కూర్చున్నాయి. ఈప్ర చుట్టూ నేల పల్లం. కొంచెం తవ్వితే చాలు, నీళ్ళు ఊరతాయి. అందుకని తవ్వడమొక్కటే చాలదు, ఇసక బస్తాలు పేర్చి పైకి కట్టుకోవాలి. ఇంజనీరు చదువు చదివిన రేమండ్‌ని కందకాలు, తలదాచుకునే గుంతలు కట్టించే పనికి బాగా వాడుకున్నారు. ఆ ఏప్రిల్‌లోనే అక్కడ జర్మన్లు మొదటిసారి పెద్ద ఎత్తున క్లోరిన్ వాయువు వదిలారు. ఆ పోరులోకి లాహోర్ డివిజన్ని దింపారు, మన సైనికులు కూడా ఆ మట్టిలోనే పోయారు. 1915 సెప్టెంబరు 14న హూజ్ గుట్ట దగ్గర షెల్ ముక్క తగిలి రేమండ్ చనిపోయాడు. ఇరవై ఆరేళ్ళు. 17న ఇంటికి టెలిగ్రాం వచ్చింది.

ఆ సంవత్సరం మా ఊరికి జంషెడ్‌పూర్ అనే పేరింకా లేదు, సాక్చి. 1912లో మొదటి ఉక్కు దిమ్మ పోసిన కార్ఖానా యుద్ధంతో ఊపిరి సలపనంత పనిలో పడింది. మెసొపొటేమియా, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికాలకి ఇక్కడి నుంచి రైలు పట్టాలు వెళ్ళాయి. 1500 మైళ్ళ పట్టాలు, 3 లక్షల టన్నుల ఉక్కు అని కంపెనీ చరిత్రలో రాసుకుంటారు. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి, ఆ సేవకి మెచ్చి, ఊరికి జంషెట్‌జీ పేరు పెట్టాడు. అంటే మా ఊరి పేరే ఆ యుద్ధం ఇచ్చిన బహుమతి. యుద్ధంలో చనిపోయిన భారతీయ సైనికులు 74 వేల పైచిలుకు. ఫ్రాన్సులో నవ్ షపెల్ స్మారకం మీద శవం కూడా దొరకని మనవాళ్ళ పేర్లు 4700 పైన ఉన్నాయి. వాళ్ళ ఉత్తరాలు తండ్రుల కంటే ముందు సెన్సారు ఆఫీసరు చదివాడు. రేమండ్ ఉత్తరాలని అతని తండ్రి పుస్తకంగా అచ్చేశాడు.

ఆ పుస్తకం పేరు 'రేమండ్', 1916లో వచ్చింది. ముందు భాగంలో కందకాల నుంచి కొడుకు రాసిన ఉత్తరాలు. తర్వాతి భాగంలో చనిపోయాక మీడియంల ద్వారా కొడుకు 'పంపిన' కబుర్లు. చివర తండ్రి సిద్ధాంతం. నేను మొదటి భాగం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఉల్లాసమైన కుర్రాడు. బురదలో నిలబడి కూడా హాస్యమాడతాడు. రెండో భాగంలో మాట్లాడే రేమండ్‌లో ఆ కుర్రాడు నాకు కనిపించలేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే, సాక్ష్యం కాదు, వదిలేద్దాం.

సాక్ష్యమని లాడ్జ్ అన్నది ఒక గ్రూపు ఫొటోని. అది జరిగిన క్రమం జాగ్రత్తగా చూడాలి.

రేమండ్ పోయిన పదకొండు రోజులకి, సెప్టెంబరు 25న, తల్లి లేడీ లాడ్జ్ పేరు చెప్పకుండా మిసెస్ లెనర్డ్ అనే మీడియం దగ్గరికి వెళ్ళింది. 27న పీటర్స్ అనే ఇంకో మీడియం దగ్గరికి. మీ దగ్గర ఈ అబ్బాయి ఫొటోలున్నాయి, ఒకదాంట్లో వేరే మగవాళ్ళతో గుంపుగా ఉన్నాడు, ఒకదాంట్లో చేతికర్ర కనిపిస్తుంది అని పీటర్స్ చెప్పాడు. అలాంటి గ్రూపు ఫొటో తమ ఇంట్లో లేదు. నవంబరు 29న వేరొక ఆఫీసరు తల్లి నుంచి ఉత్తరం వచ్చింది. ఆగస్టులో ఆఫీసర్లందరూ కలిసి ఫొటో దిగారు, మీకు కాపీ కావాలా అని. డిసెంబరు 3న లాడ్జ్ స్వయంగా మిసెస్ లెనర్డ్ దగ్గర కూర్చుని ఆ ఫొటో గురించి ప్రశ్నలు వేశాడు. ఆరుబయట తీసింది, డజను మందో ఇంకా ఎక్కువో ఉంటారు, రేమండ్ కూర్చుని ఉన్నాడు, ఎవరో అతని మీద ఆనుకోబోయారు, వెనక నిలువు గీతలున్నాయి, ఇలా జవాబులొచ్చాయి. కొన్ని పొడి అక్షరాలు కూడా వచ్చాయి. లాడ్జ్ ఇవన్నీ ఫొటో రాకముందే కాగితం మీద పెట్టి ఒక మిత్రుడికి తెలియజేశాడు. డిసెంబరు 7న ఫొటో వచ్చింది. ఇరవై ఒక్కమంది ఆఫీసర్లు. రేమండ్ ముందు వరసలో నేల మీద కూర్చున్నాడు. పాదాల దగ్గర కర్ర. వెనకవాడి ఒళ్ళు అతని భుజానికి ఆనుతోంది. వాళ్ళ వెనక చెక్కల షెడ్డు, దానికి నిలువు గీతలు.

మొదటిసారి చదివితే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. నాకూ జలదరించింది. తర్వాత నిదానంగా లెక్క వేసుకోవాలి.

1915లో ఫ్రంటుకి వెళ్ళిన ఆఫీసరు గ్రూపు ఫొటో దిగకుండా ఉండటమే వింత. రెజిమెంటు ఫొటో అప్పటి ఆచారం. కంపెనీలో సేఫ్టీ వీక్ అయ్యాక మా వాళ్ళు దిగినట్టు. బ్రిటిష్ ఆఫీసరు చేతిలో కర్ర యూనిఫారంలో భాగం. ఫొటో ఇంట్లో లేకపోతే 'ఇంకా రాలేదు, వస్తుంది' అనుకుంటారు, ఎప్పటికీ రాకపోతే ఆ మాట మరిచిపోతారు. ఇరవై మందికి పైగా ఉన్న గుంపుని తియ్యాలంటే ఆరుబయటే తియ్యాలి, కొందరు కూర్చోవాలి, వెనక గోడో షెడ్డో ఉండాలి, ఒకరి మీద ఒకరు ఆనుకోక తప్పదు. ఇరవై ఒక్క ఇంగ్లీషు ఇంటిపేర్లలో పొడి అక్షరాలు ఏవి చెప్పినా కొన్ని తగులుతాయి. నిలువు గీతల మాట కొంచెం మెరుగైన గురి. దానికో మార్కు వేద్దాం.

లాడ్జ్ చెయ్యవలసింది, చెయ్యనిది ఒకటుంది. పీటర్స్ మాటల్నీ లెనర్డ్ మాటల్నీ పేర్లు తీసేసి, ఆ నెలలో కొడుకుల్ని పోగొట్టుకున్న ఓ యాభై ఆఫీసర్ల ఇళ్ళకి పంపి, 'ఇది మీ అబ్బాయి ఫొటోకి సరిపోతుందా?' అని అడగాలి. నలభై ఇళ్ళు 'అవును మా వాడే' అంటే ఆ మాటల విలువ తేలిపోతుంది. ఇద్దరే 'అవును' అంటే నేను కూడా ఆలోచించేవాణ్ణి. పోస్టు స్టాంపుల ఖర్చుతో అయ్యే ప్రయోగం. బాగిల్ట్‌లో చిమ్నీ చెప్పినట్టు ఇక్కడ కూడా ఏదో ఒకటి 'పనిచెయ్యలేదు' అని చెప్పగలిగే ఏర్పాటు ఉండాలి గదా. ఆయన ముందుగా రాసి పెట్టుకోవడం మంచి అలవాటే. కానీ తగిలినవి రాసుకుంటే సరిపోదు, ఎవరికైనా తగిలేవెన్నో తెలియాలి.

'పేరు చెప్పకుండా వెళ్ళారు' అనేదానికి కూడా నేను పెద్ద విలువివ్వను. లాడ్జ్ మొహం బ్రిటన్‌లో అందరికీ తెలిసిన మొహం. చనిపోయిన ఆఫీసర్ల పేర్లు పేపర్లలో వస్తున్న రోజులు. లేడీ లాడ్జ్‌కి ఆ మీడియంల పరిచయం దొరికింది కొడుకుని పోగొట్టుకున్న ఇంకో తల్లి ద్వారా. ఎవరూ మోసం చేశారని నేననటం లేదు. మోసం అవసరమే లేదంటున్నాను.

ఇంకో సంగతి చెప్పకపోతే మన పాఠకులు క్షమించరు. మిసెస్ లెనర్డ్ ట్రాన్స్‌లోకి వెళ్ళాక ఆమె నోటితో మాట్లాడేది 'ఫీడా' అనే ఆత్మ. ఈ ఫీడా ఎవరనుకున్నారు? భారతదేశపు పిల్ల! 1800 ప్రాంతంలో లెనర్డ్ పూర్వీకుడొకాయన పెళ్ళాడిన హిందూ బాలిక, పదమూడేళ్ళకే పురిట్లో పోయిందట. నాకు తెలిసిన ఏ భారతీయ భాషలోనూ అలాంటి ఆడపిల్ల పేరు లేదు. తెలుగులో 'పీడ' ఉంది గానీ అది ఎవరూ పేరు పెట్టుకోరు. ఆ పిల్ల ముద్దుముద్దు ఇంగ్లీషులో దొరగారికి కొడుకు కబుర్లు చేరవేసింది. ఆ లోకంలో ఇళ్ళున్నాయి, బట్టలున్నాయి, కావాలంటే చుట్టలు, విస్కీ సోడా కూడా తయారుచేసిస్తారు. దీన్ని పట్టుకుని అప్పటి పత్రికలు చాలా ఎగతాళి చేశాయి. మనకి ఎగతాళి కంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది: మన దేశపు పిల్ల ఆత్మ వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆమె భాషలో నాలుగు మాటలు అడిగి చూడడానికి లండన్‌లో మనవాళ్ళు దొరకలేదా?

కొడుకు పోయిన దుఃఖంలో పాపం ఆయన నమ్మాడని చాలామంది రాస్తారు. అది సరికాదు. 1889-90 నాటికే ఆయన మిసెస్ పైపర్ అనే అమెరికన్ మీడియంని పరీక్షించి మెత్తబడ్డాడు. 1901 నుంచి మూడేళ్ళు సైకికల్ రీసెర్చ్ సొసైటీకి అధ్యక్షుడు. 1913లో బ్రిటిష్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలోనే వ్యక్తిత్వం చావుతో ముగియదని ప్రకటించాడు. రేమండ్ పోయేనాటికి నమ్మకం ఇంట్లో సిద్ధంగా ఉంది. దుఃఖం వచ్చి దాన్ని వాడుకుంది. కానన్ డాయిల్ విషయంలోనూ అంతే. కొడుకు 1918లో పోయాక నమ్మాడంటారు, ఆయన బహిరంగంగా ప్రకటించింది 1916లో. మన తర్కానికి అనుకూలంగా ఉన్నా సరే, తప్పు కథని మనం చెప్పకూడదు.

ఈథర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విశ్వమంతా ఈథర్ అనే పదార్థం నిండి ఉందని అప్పటి భౌతికశాస్త్రం. తిరిగే ఉక్కు పళ్ళేల మధ్య కాంతిని పంపి, అవి ఈథర్‌ని తమతో లాక్కెళతాయేమోనని 1890లలో లాడ్జ్ చూశాడు. లాక్కెళ్ళలేదు. ఆ ఫలితాన్ని నిజాయితీగా ప్రచురించాడు. కానీ ఐన్‌స్టీన్ వచ్చి ఈథర్ అక్కర్లేదన్నాక కూడా ఆయన దాన్ని వదల్లేదు, ఎందుకంటే చనిపోయినవాళ్ళ శరీరాలకి ఆయన ఈథర్‌లోనే చోటిచ్చాడు. భౌతికశాస్త్రం ఖాళీ చేసిన ఇంట్లో కొడుకుని ఉంచాడు. ఖాళీ చెయ్యడం ఎలా?

మా క్వార్టర్స్ వైపు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో ఒకావిడ కొడుకు మోటార్ సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఏడాది తిరక్కముందే ఆవిడ ఊరెళ్ళి సోదె చెప్పే మనిషి దగ్గర కూర్చుని వచ్చింది. సోదె అంటే తెలుసుగదా, పోయినవాళ్ళే వచ్చి పలికినట్టు చెబుతారు. తిరిగొచ్చాక నాతో అంది: "బాబాయ్, నువ్వు నమ్మవు గదా. నా నీలం చొక్కా ఎవరికీ ఇవ్వకమ్మా అన్నాడు." నేను నీలం చొక్కా లేని కుర్రాడు ఎక్కడైనా ఉంటాడా అని అడగలేదు. ఎంత తీసుకుందని అడిగాను. చెప్పింది. మళ్ళీ వెళ్ళాలంటే అప్పు చెయ్యాలట. అప్పు చెయ్యొద్దమ్మా, వాడి గురించి మాట్లాడాలనిపిస్తే మా ఇంటికి రా, నీతో పాటు మేమూ వాణ్ణి ఎరుగుదుం అన్నాను. రెండు మూడుసార్లు వచ్చింది. వాడు చిన్నప్పుడు మా స్కూటరు మీంచి పడ్డ సంగతి మా ఆవిడ చెబితే నవ్వింది కూడా. సోదె మానేసిందో లేదో నేనడగలేదు. కొందరు మిత్రులకి ఇది రాజీలా కనిపించవచ్చు. పుస్తకం రాసి లక్షలమంది తల్లులకి ఫొటోని సాక్ష్యంగా చూపించే ప్రిన్సిపాల్‌తో వాదించడం వేరు, కొడుకు చొక్కా పట్టుకు కూర్చున్న తల్లితో మాట్లాడడం వేరు అని నా నమ్మకం.

లాడ్జ్‌తో వాదించినవాళ్ళు అప్పుడే ఉన్నారు. రేషనలిస్ట్ ప్రెస్ అసోసియేషన్‌కి అధ్యక్షత వహించిన ఎడ్వర్డ్ క్లాడ్ 1917లో ఒక పుస్తకం, అదే ఏడాది మానసిక వైద్యుడు చార్లెస్ మెర్సియర్ ఇంకో పుస్తకం రాశారు. జోసెఫ్ మెకేబ్ 1920లో కానన్ డాయిల్‌తో వేదికెక్కి వాదించాడు. మెర్సియర్ మరీ కరుకుగా రాశాడు, నాకు క్లాడ్ నయమనిపిస్తుంది. కానీ ఈ ముగ్గురికంటే నన్ను ఆపేసినవాడు కిప్లింగ్. సామ్రాజ్యవాది, మనవాళ్ళని చిన్నచూపు చూసినవాడు, ఆయన మీద నాకు ప్రేమేమీ లేదు. కుర్రాడిగా పత్రికా విలేఖరిగా ఉన్నప్పుడు, 1888లో, ఈ జార్ఖండ్‌లోనే ఉన్న గిరిడీహ్ బొగ్గు గనుల గురించి రాసినవాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు జాన్, చూపు సరిగ్గా ఆనని కుర్రాడు, తండ్రి పలుకుబడితో ఐరిష్ గార్డ్స్‌లో చేరి 1915 సెప్టెంబరు 27న లూస్ దగ్గర కనపడకుండా పోయాడు. రేమండ్ చనిపోయిన పదమూడో రోజు. అప్పటికి జాన్‌కి పద్దెనిమిదేళ్ళు నిండి ఆరు వారాలు. శవం దొరకలేదు. సమాధి ఇదేనని 1992లో గుర్తించారు, దాని మీద కూడా వివాదం నడిచింది.

శవం కూడా లేని తండ్రికి మీడియం ఎంత అవసరమో ఊహించండి. పైగా కిప్లింగ్ ఇంట్లోనే మీడియం ఉంది. ఆయన చెల్లెలు ట్రిక్స్ భారతదేశంలో ఉన్న రోజుల్లోనే ఆత్మలు రాయిస్తున్నాయంటూ కాగితాలు నింపి, 'మిసెస్ హాలండ్' అనే మారుపేరుతో సైకికల్ రీసెర్చ్ సొసైటీకి పంపేది. మతి చెదిరి ఏళ్ళ తరబడి బాధపడింది. కిప్లింగ్ వెళ్ళలేదు. 1919లో 'ఎన్-డోర్' అనే పద్యం అచ్చేశాడు. బైబిల్లో సౌలు రాజు కోసం చచ్చినవాణ్ణి లేపిన మంత్రగత్తె ఊరు అది. ఆ దారిన పోవద్దని తనలాంటి తల్లిదండ్రులకి చెప్పే పద్యం. ఆయన హేతువాది కాదు, మనం సొంతం చేసుకోనక్కరలేదు. కొడుకుని పోగొట్టుకున్న ప్రతివాడూ మీడియం దగ్గరికి వెళ్ళి తీరతాడనే మాటకి మాత్రం ఆయన అడ్డం నిలబడ్డాడు.

లాడ్జ్ 1922లో 'రేమండ్'ని కొంత తగ్గించి మళ్ళీ అచ్చేశాడు. నమ్మకం తగ్గలేదు. 1940 ఆగస్టు 22న చనిపోయాడు. పోయేముందు మాత్రం ఒక మంచి పని చేశాడు. తనకే తెలిసిన ఒక సంగతి కాగితం మీద రాసి, ఒకదానిలో ఒకటి పెట్టిన కవర్లలో సీలు వేసి సొసైటీకి అప్పగించాడు. చనిపోయాక మీడియం ద్వారా వచ్చి ఆ సంగతి చెబుతాను, అప్పుడు తెరిచి సరిచూసుకోండి అన్నాడు. యాభై ఏళ్ళ తర్వాత బాగిల్ట్ చిమ్నీ లాంటి పరీక్ష ఒకటి ఆయన చేతుల మీదుగానే తయారైంది. ఆయన పోయాక మీడియంలు చాలామంది కూర్చున్నారు, చాలా చెప్పారు. కవర్లు తెరిచి చూస్తే, లోపల ఉన్నది ఎవరూ చెప్పలేకపోయారు.